పథ్యానికి గుడ్డు ఆపి, బలానికి డబ్బా కొంటున్నాం

ముందు ఉత్తరం. కొంచెం కుదించాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

"అక్కా, మాది రాజాం దగ్గర ఒక పల్లె. బాబుకి ఆరేళ్ళు, ఒకటో తరగతి, వ్యాన్‌లో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తాడు. బడిలో వేసిన దగ్గర్నుంచి నెల తిరక్కుండా జలుబు, దగ్గు, ఒకటి రెండు రోజులు జ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ప్రతిసారీ యాంటీబయాటిక్ సిరప్ ఇస్తున్నారు. బరువు 18 కిలోలు. ఇమ్యూనిటీ తక్కువని అందరూ అంటుంటే మందుల షాపులో అడిగి ఒక పౌడర్ డబ్బా తెచ్చాం, అరకిలో 620 రూపాయలు, ఇరవై రోజుల్లో అయిపోతోంది. లేబుల్ ఫొటో పంపుతున్నాను. వాట్సాప్‌లో చూసి పొద్దున్నే పరగడుపున పసుపు, మిరియాలు, శొంఠి, తిప్పతీగ కషాయం కూడా పడుతున్నాను, కడుపు మండుతోందని ఏడుస్తున్నాడు. జలుబు చేస్తే మా అత్త పెరుగు, అరటిపండు, జామకాయ, గుడ్డు అన్నీ ఆపించేస్తుంది. చారన్నం, ఇడ్లీ, అంతే. 'డబ్బా పిండి తాగిత్తే గుంటడికి బలమొచ్చేస్తాదేటి, చోడి అంబలి పొయ్యి' అనేదీ ఆవిడే (చోడి అంటే రాగి). ఎవరి మాట వినాలో తెలీట్లేదు. కవిటి దగ్గర మా పెద్దాడపడుచు వాళ్ళాయనకి కిడ్నీ జబ్బు, ఆ అన్నయ్యకి కూడా బలానికని ఇదే డబ్బా పంపాం, పర్వాలేదా? మా ఇంట్లో పప్పు వారానికి మూడుసార్లు వండుతాను, అయిదుగురికి ఒక టీ గ్లాసుడు. నాక్కూడా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు ఊడుతోంది, అది తర్వాత చూసుకుందాంలెండి. బాబు సంగతి చెప్పండి."

చెల్లీ, అన్నిటికంటే ముందు కవిటి సంగతి, ఎందుకంటే అది ఆగే విషయం కాదు. ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చేసి ఆ డబ్బా పక్కన పెట్టెయ్యమను. కిడ్నీ జబ్బు ఉన్న మనిషి ప్రొటీన్ ఎంత తినాలి, పొటాషియం ఎంత, ఫాస్ఫరస్ ఎంత అనేది ఆయన క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చూసి కిడ్నీ డాక్టరు చెప్పాలి, మందుల షాపులో చెప్పేది కాదు. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో నీకు నేను చెప్పాలా. అలాంటి చోట 'బలానికి' అని ఎవరేది ఇచ్చినా తాగేస్తారు, పాపం భయం అలాంటిది. విటమిన్ సి మాత్రలు కూడా ఎక్కువ మోతాదులో మింగితే ఒంట్లో కొంత ఆక్సలేట్ అనే పదార్థంగా మారి కిడ్నీ మీదే పడుతుంది. కషాయాలూ అంతే, డాక్టరుకి చెప్పకుండా వద్దు. ఇంకో మాట, అక్కడ ఇంటి వెనకే కొబ్బరితోట కాబట్టి కొబ్బరినీళ్ళు మంచివే కదా అని రోజూ కొట్టించి ఇస్తుంటారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళ ఒంట్లోంచి అది బయటికి పోదు, అది గుండెకి ప్రమాదం. అది కూడా డాక్టర్ని అడిగాకే.

ఇప్పుడు బాబు.

నెలకో జలుబు అంటే నీకు టెన్షన్ రావడం సహజమే గానీ, బడిలో కొత్తగా చేరిన పిల్లాడికి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు, కొందరికి పది దాకా వెళ్తాయి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండువందల పైచిలుకు ఉన్నాయి, ఒకదాన్ని జయిస్తే రెండోది కొత్తదే, వ్యాన్‌లో పక్కవాడు తుమ్మితే ఇదిగో అని అందుతుంది. వాడి ఒళ్ళు ఓడిపోవడం కాదు అది, నేర్చుకోవడం. ఆరేళ్ళ మగపిల్లాడి సగటు బరువు ఇరవై కిలోలు దాటి ఉంటుంది, 16కి కిందికి పోతే ఆలోచించాలి. 18 అంటే సన్నం, అంతే. కాకపోతే బరువు ఒక్కసారి చూస్తే ఏమీ తెలీదు, ఆరునెలల కింద ఎంత, ఇప్పుడెంత అన్నదే ముఖ్యం. అంగన్‌వాడీలో రాసిన కార్డు ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతుకు.

జలుబు వైరస్‌తో వస్తుంది కాబట్టి దానిమీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ప్రతి జలుబుకీ ఆ సిరప్ పట్టిస్తే పేగుల్లో మనకి మేలుచేసే బాక్టీరియా కూడా పోతుంది, మన రక్షణ కణాల్లో పెద్ద వాటా ఉండేది ఆ పేగుల చుట్టూనే. ఆర్‌ఎంపీ గారితో పోట్లాడక్కర్లేదు, 'ఇది వైరస్ అంటున్నారు కదండీ, జ్వరం మందు ఒక్కటి చాలదా' అని అడుగు. అయితే జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి గబగబా తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, చెవిలోంచి చీము కారినా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా పిల్లల డాక్టరు దగ్గరికి అదే రోజు వెళ్ళు. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. బరువు తగ్గుతున్నా, ఏడాదిలో రెండుసార్లు నిమోనియా వచ్చినా అది తిండితో తేలే విషయం కాదు, డాక్టరుతో తేల్చుకోవాలి.

సరే, అసలు సంగతికి వస్తున్నాను. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది డబ్బా కాదు, కషాయమూ కాదు. 'జలుబు చేస్తే అన్నీ ఆపించేస్తుంది' అన్న మాట. ఒక కాగితం తీసుకుని లెక్కెయ్యి. జలుబుకి వారం రోజులు పథ్యం, ఏడాదికి పది జలుబులు. డెబ్బై రోజులు! ఏడాదిలో రెండు నెలల పైచిలుకు ఆ పిల్లాడికి గుడ్డు లేదు, పెరుగు లేదు, పండు లేదు, చారు నీళ్ళూ తెల్లన్నమూ తిని ఉన్నాడు. జ్వరం వచ్చినప్పుడు ఒంటికి ఖర్చు పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే మనం జమ ఆపేస్తున్నాం. వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలు అంటామే, అవి ప్రొటీన్లు. కొత్త రక్షణ కణాలు తయారవ్వాలన్నా ప్రొటీన్, జింకు, ఐరన్, విటమిన్ ఎ అన్నీ కావాలి. సరుకు పంపకుండా తాపీమేస్త్రిని పనిలోకి రమ్మంటే ఏం కడతాడు? జబ్బు వచ్చి తిండి తగ్గుతుంది, తిండి తగ్గి ఇంకో జబ్బు వస్తుంది, ఈ గానుగ ఇలాగే తిరుగుతూ ఉంటుంది. పిల్లాడు నీరసంగా కనబడితే మనం 620 పెట్టి డబ్బా కొంటాం.

మీ అత్తగారిని తప్పు పట్టడం లేదు. పథ్యంలో తెలివి లేకపోలేదు. జ్వరంలో ఆకలి ఉండదు, వేపుళ్ళు, నూనె వంటలు సయించవు, మెత్తగా తేలిగ్గా పెట్టాలి అన్నది నిజమే. కానీ తేలిగ్గా అంటే సారం లేకుండా అని కాదు కదా. జామకాయలో జలుబు లేదు, వైరస్ ఉంటేనే జలుబు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గొంతుకి ఇబ్బంది అనిపిస్తే బయటపెట్టి చల్లదనం పోయాక పెట్టు. పాలు తాగితే కఫం పెరుగుతుందనేది కూడా అనిపించడమే తప్ప నిజంగా పెరగదు, పాలు నోట్లో చిక్కగా పూతలా ఉంటాయి, అదే కఫంలా అనిపిస్తుంది. గుడ్డు 'వేడి' అంటారు. ఉడకబెట్టిన గుడ్డు జ్వరంలో పెట్టినా థర్మామీటరు పైకి కదలదు.

జ్వరం ఉన్న రెండ్రోజులు కుక్కి పెట్టకు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. పెసరపప్పు కట్టు కాదు, పప్పుతో సహా మెత్తగా ఉడికించిన పెసరపప్పు జావ, అందులో చెంచాడు నెయ్యి. పలచని అంబలి. అరటిపండు ముక్క. జ్వరం తగ్గాక రెండు వారాలపాటు రోజుకి ఒక పూట అదనంగా పెట్టాలి, ఇది ఎవరూ చెయ్యరు. జబ్బులో పోయిన బరువు తిరిగొచ్చేది ఆ రెండు వారాల్లోనే. ఆకలి కూడా అప్పుడు బాగా వేస్తుంది, పిల్లాడే అడుగుతాడు, 'ఇప్పుడే లేచాడు, కడుపు పాడవుతుంది' అని మనమే ఆపుతాం.

డబ్బా లెక్క చూద్దాం. నువ్వు పంపిన లేబుల్‌లో నూరు గ్రాములకి ప్రొటీన్ 11 గ్రాములు, చక్కెర 32 గ్రాములు అని ఉంది. రోజుకి 25 గ్రాముల పొడి వేస్తున్నావు. అంటే వాడికి దక్కుతున్న ప్రొటీన్ మూడు గ్రాముల లోపు, చక్కెర ఎనిమిది గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే రోజుకి 31 రూపాయలు పెట్టి సగం గుడ్డు కూడా కొనడం లేదు, పైన దాదాపు రెండు చెంచాల చక్కెర. మిగతా విటమిన్లు కలిపారు, కాదనను, కానీ అవి కూరల్లోనూ ఉన్నాయి. లేబుల్ మీద సరుకుల పేర్లు ఏది ఎక్కువుంటే అది ముందు వరసలో రాస్తారు, ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకుంటే షాపులో ఎవరినీ అడగక్కర్లేదు. ఇలాంటి పానీయాలని 'హెల్త్ డ్రింక్స్' అనే వరసలోంచి తీసెయ్యమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెప్పింది. చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకి అసలు నిర్వచనమే లేదు.

నేనేదో తెలివైనదాన్నని చెప్పట్లేదు. పోషకాహారం చదువుకుని, పదిమందికి చెప్పే ఉద్యోగం చేస్తూ కూడా, నా కూతురు రెండో తరగతిలో ఉండగా ఏడాదంతా డబ్బాలు కొన్నాను. పక్కింటావిడ కొంటోంది, మనం కొనకపోతే తల్లిగా ఏదో లోటు చేస్తున్నట్టు ఉండేది. ఇప్పటికీ మా వంటింటి గూట్లో ఆ డబ్బాలు ఆరేడు ఉన్నాయి. ఆవాలు ఒకదాన్లో, జీలకర్ర ఒకదాన్లో, మెంతులు ఒకదాన్లో. మూత మాత్రం చాలా గట్టిది, చీమ దూరదు.

అసలు 'ఇమ్యూనిటీ పెంచడం' అనే మాటే నాకు నచ్చదు. అది రేడియో గొంతు కాదు, తిప్పి పెంచడానికి. అవసరానికి మించి రెచ్చిపోతే ఆస్తమా, ఎలర్జీ, కీళ్ళవాతం లాంటివి వస్తాయి, అక్కడ మన రక్షణ వ్యవస్థే మన ఒంటిమీద పడుతుంది. మనం చేయగలిగింది దానికి కావలసిన సరుకు లోటు రాకుండా చూడటం. లోటు ఉన్నవాళ్ళకి తిండి పెడితే ఫలితం ఎంత ఉంటుందో చూడాలంటే మనకి పెద్ద దూరం కాని జార్ఖండ్‌లో జరిగింది చెప్తాను. 2019లో మొదలుపెట్టి, టీబీ రోగులు 2,800 మంది ఇళ్ళలో ఉన్న పదివేల మందికి పైగా కుటుంబసభ్యులని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు, పెద్ద మనిషికి అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, దాంతో పాటు విటమిన్ల మాత్ర. అంతే, ఇంకేం లేదు. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి, సరుకులు అందిన ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. బియ్యం, పప్పు! ఏ టీవీ యాడ్‌లోనూ ఇలాంటి అంకె చూడలేదు నేను.

కిలోన్నర అంటే రోజుకి 50 గ్రాముల పప్పు. నీ టీ గ్లాసుకి వద్దాం. టీ గ్లాసుడు కందిపప్పు సుమారు వంద గ్రాములు, అయిదుగురికి పంచితే తలా ఇరవై, అదీ వారానికి మూడు రోజులే. అంటే వారం మొత్తం మీద మనిషికి 60 గ్రాములు. జార్ఖండ్ వాళ్ళకి ఒక్కరోజుకి ఇచ్చిందానికి కొంచెం ఎక్కువ. నిన్ను తప్పుపట్టడానికి కాదు ఈ లెక్క, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను వెళ్ళిన ఇళ్ళలో చాలావాటి సంగతి ఇదే. కొండంత అన్నం, దానిమీద నీళ్ళలాంటి పప్పుచారు, అంచుకి ఆవకాయ. కడుపు నిండుతుంది, ఆకలి తీరుతుంది, అందుకే లోటు కనబడదు. ఆరేళ్ళ పిల్లాడికి రోజుకి కావలసింది 16 నుంచి 20 గ్రాముల ప్రొటీన్, పెద్ద లెక్కేం కాదు. ఒక గుడ్డు, గ్లాసు పాలు లేదా పెరుగు, గరిటెడు గట్టి పప్పు, గుప్పెడు వేరుశెనగ ఉండలు, అన్నంలోంచి వచ్చేది ఎలాగూ ఉంది, అక్కడితో దాటిపోతుంది. ఆ 620 రూపాయలకి నాలుగు కిలోల కందిపప్పు వస్తుంది చెల్లీ. లేదా నెలంతా ఇద్దరికి రోజుకో గుడ్డు. ఇద్దరికి అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

చేపలు తింటారో లేదో నువ్వు రాయలేదు. తింటే గనక, ఖరీదైన చేప జోలికి పోకు, కవళ్ళు, నెత్తళ్ళు దొరికిన రోజు తెచ్చుకో. భోగాపురం వైపు నుంచో కళింగపట్నం నుంచో బుట్టల్లో వస్తాయి. చిన్న చేప ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది, కవళ్ళలో విటమిన్ డి కూడా ఉంటుంది, అది తిండిలో దొరకడం చాలా అరుదు. డి సంగతి వచ్చింది కాబట్టి, వాడు పొద్దున్న ఏడున్నరకి వ్యాన్ ఎక్కి, సాయంత్రం ట్యూషన్ అయ్యాక ఇంటికొస్తే ఎండ ఎప్పుడు తగులుతుంది? ఆదివారం క్రికెట్ ఆడతానంటే నల్లబడతావని ఆపకు. షాపులో దొరికే 60 వేల యూనిట్ల డి పొట్లాలు మాత్రం డాక్టరు చెప్పకుండా వద్దు, వారానికి ఒకటని రాస్తే రోజుకొకటి వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు.

చోడి అంబలి విషయంలో మీ అత్తగారికే నా ఓటు. మా అమ్మమ్మ చేసే పద్ధతి చెప్తాను, చీపురుపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ అలాగే. రాత్రి చోడిపిండి గుప్పెళ్ళు లెక్కపెట్టి కుండలో నీళ్ళు పోసి కలిపి మూత పెట్టేది. పొద్దున్నకి పైన సన్నటి నురగ, పులిసిన వాసన. నూకలు ముందు ఉడకబెట్టి, అవి మెత్తబడ్డాక ఈ పులిసిన పిండి పోస్తూ తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే ఉండ కడుతుంది. దించి చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. పక్కన నూనెలో వేయించిన మజ్జిగ మిరపకాయ. పిల్లలకి మిరపకాయ బదులు బెల్లం ముక్క చేతిలో పెట్టేది. చోడిలో నూరు గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మనం తినే ధాన్యాల్లో దానికి పోటీ లేదు. పులిస్తే, ఇంకా మంచిది మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే, అందులో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. మొలకల పిండితో జావ కాస్తే చిక్కబడదు, అంటే అదే గ్లాసులో ఎక్కువ పిండి పట్టి ఎక్కువ బలం వెళ్తుంది. తక్కువ తినే పిల్లలకి ఇది బాగా పనికొచ్చే ఉపాయం. అయితే అంబలి ఒక్కటే సర్వరోగనివారిణి అనుకోవద్దు, ప్రొటీన్ అందులో కొంతే, అందుకే మజ్జిగ పోసింది అమ్మమ్మ.

పండ్ల దగ్గర మన తిక్క ఇంకోటి. పిల్లాడికి జబ్బు చేస్తే యాపిల్ కొంటాం, పెరట్లో జామచెట్టు కాయలు రాలుతుంటాయి. జామలో విటమిన్ సి నారింజకంటే నాలుగు రెట్ల దాకా ఉంటుంది, యాపిల్ వాటి దరిదాపుల్లో లేదు. ఆరేళ్ళవాడికి అరజామకాయతో ఆ రోజుకి సరిపోతుంది. నాకు ఎప్పుడూ బాధేసేది మాత్రం జీడిమామిడి. చిన్నప్పుడు వేసవి సెలవులకి వజ్రపుకొత్తూరు దగ్గర పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం, తోటలో కింద ఎర్రగా పసుప్పచ్చగా పళ్ళు పరుచుకుని ఉండేవి. గింజ తిప్పి తీసి బుట్టలో వేసుకుంటారు, పండు అక్కడే పారేస్తారు. ఆ పులిసిన తియ్యని వాసన, ఈగలు. పలాస జీడిపప్పుకి దేశమంతా పేరు, ఆ పారేసిన పండులో మాత్రం నారింజకంటే మూడు నాలుగు రెట్ల విటమిన్ సి. వగరుకి గొంతు పట్టేస్తుందనే పిల్లలు తినరు. మేం ముక్కలు కోసి ఉప్పునీళ్ళలో వేసి కాసేపుంచి తినేవాళ్ళం, వగరు చాలావరకు తగ్గేది, రసం బట్టల మీద పడితే మరక పోక తిట్లు తినేవాళ్ళం కూడా.

విటమిన్ సి రోజూ మాత్రలుగా వేసుకుంటే జలుబు రాకుండా ఆగుతుందా అంటే, ఆగదు. ఎన్నో పరిశోధనలు కలిపి చూస్తే మామూలు జనంలో జలుబుల సంఖ్య తగ్గలేదు, వచ్చిన జలుబు పిల్లల్లో ఒక 14 శాతం, పెద్దల్లో 8 శాతం తొందరగా తగ్గింది, అదీ ముందు నుంచి రోజూ వేసుకున్నవాళ్ళకి. ఏడు రోజుల జలుబు ఆరు రోజులకి తగ్గుతుంది, అంతే. జలుబు మొదలయ్యాక చప్పరించే బిళ్ళలకి ఆ మాత్రం కూడా నమ్మకంగా చెప్పలేం. జామకాయ తింటే సి ఒక్కటే కాదు, పప్పులో ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టడానికి కూడా సాయం. అదే అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఉన్న ఐరన్ కూడా పట్టదు, ఈ ముక్క నీకోసం.

ఆకుకూరలు రోజూ వండలేనంటావేమో, వారానికి నాలుగుసార్లు చూడు. తోటకూర, బచ్చలి, గోంగూర ఏదైనా సరే. మునగాకు పిల్లలు తినరంటే ఎండబెట్టి, వేయించిన నువ్వులు, వెల్లుల్లితో పొడి కొట్టి నెయ్యన్నంలో కలుపు. ఆషాఢంలో తెలికపిండితో మునగాకు కూర వండే అలవాటు మీ ఇంట్లో ఉందా? నూనె తీశాక మిగిలిన నువ్వుల పిండి అది, ప్రొటీన్ పుష్కలంగా ఉంటుంది, గానుగ దగ్గర చవకగా దొరుకుతుంది.

కషాయం ఈరోజే ఆపెయ్యి. కడుపు మండుతోందని పిల్లాడు చెప్తుంటే వినకుండా పరగడుపున మిరియాల నీళ్ళు పట్టడం ఎందుకు? తిప్పతీగ గురించి, 2021లో ముంబైలో డాక్టర్లు దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వేరే మొక్కని పొరబడి ఉంటారంది. ఎవరిది నిజమైనా, ఏ తీగో ఖాయంగా తెలీకుండా ఆరేళ్ళ పిల్లాడికి రోజూ పట్టే వస్తువు కాదది. పసుపు కూరల్లో వేస్తున్నావు కదా, చాలు. అది కూడా రంగు కొట్టొచ్చినట్టు ఉండే విడి పొడి కొనకు, మెరుపుకోసం సీసం కలిసిన రంగు వేస్తారు, సీసం పిల్లల మెదడుకి చేటు. పసుపు కొమ్ములు కొనుక్కుని మరలో ఆడించుకో. రాత్రి దగ్గు బాధిస్తే పడుకునేముందు ఒక చెంచా తేనె ఇవ్వు, గోరువెచ్చని నీళ్ళతో. ఏడాది నిండని పిల్లలు ఇంట్లో ఎవరున్నా వాళ్ళకి మాత్రం తేనె నాకించకు, ప్రమాదం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నులిపురుగుల మాత్ర ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో అంగన్‌వాడీల్లో, బళ్ళలో ఇస్తారు, ప్రైవేటు బడి కాబట్టి మీవాడు వేసుకున్నాడో లేదో టీచర్ని అడుగు, పురుగులుంటే నువ్వు పెట్టిన గుడ్డులో వాటా వాటికే. అయిదారేళ్ళకి వెయ్యాల్సిన డీపీటీ బూస్టరు వేయించావా? ఒంటికి నిజంగా పాఠం నేర్పేది టీకాలే, ఏ తిండీ ఆ పని చెయ్యదు. తొమ్మిది గంటలకి తక్కువ కాకుండా నిద్ర, ఫోన్ పక్క గదిలో. బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు.

అత్తగారితో ఎలా మాట్లాడాలి అంటావు. డబ్బా మానేస్తున్నానని ముందు ఆవిడకే చెప్పు, సంతోషిస్తుంది, గెలుపు ఆవిడదే కదా. 'అత్తా, అంబలి నువ్వే కలుపు, నీ చేత్తో అయితేనే తాగుతాడు' అను. ఆ ఊపులోనే 'ఈసారి జలుబుకి పెరుగన్నం ఆపకుండా చూద్దాం, పదిరోజుల్లో తేడా లేకపోతే నీ మాటే' అని ఒక్కటి అడుగు. నాలుగూ ఒకేసారి అడిగితే ఒక్కటీ జరగదు. ముందు పెరుగు, తర్వాతి జలుబుకి గుడ్డు. జామకాయకి కొంచెం ఎక్కువ కాలం పట్టొచ్చు.

ఇప్పుడు నీ సంగతి. 'తర్వాత చూసుకుందాంలెండి' అని రాసి వదిలేశావు. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడటం. నీ వయసు రాయలేదు, ముప్ఫై లోపే అనుకుంటున్నాను. కేంద్రం 2019–21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి 59 మందికి రక్తం తక్కువని తేలింది. నువ్వు అందులో ఉన్నావనే నా అనుమానం. రక్తం తక్కువైతే జబ్బుని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది, ఇంట్లో బాబు తెచ్చిన ప్రతి జలుబూ నీకూ అంటుకుంటుంది, నువ్వు రాయలేదు గానీ అంటుకునే ఉంటుంది. పీహెచ్‌సీకి వెళ్ళి హిమోగ్లోబిన్ చూపించుకో, డబ్బులు అక్కర్లేదు. 12కి తగ్గితే రక్తం తక్కువున్నట్టే, ఎంత తక్కువో చూసి మాత్రలు ఇస్తారు. ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడి మానెయ్యకు. అంకె మరీ తక్కువొస్తే, నెలసరిలో ఎక్కువ పోతోందా అని కూడా డాక్టరు అడుగుతారు, సిగ్గుపడకుండా చెప్పు.

ఇందాక ఇద్దరికి గుడ్లు అన్నాను కదా, రెండోది నీది. మీ ఆయనది కాదు, మరిదిది కాదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున చారు మిగిలితే అది పోసుకుని తినే అలవాటు నాకూ తెలుసు, మా అమ్మ అలాగే తినేది. రేపటి నుంచి టీ గ్లాసు బదులు రెండు గ్లాసుల పప్పు పొయ్యి, వడ్డించేముందే నీ గరిటెడు వేరే గిన్నెలో తీసి మూత పెట్టు. హిమోగ్లోబిన్ ఎంతొచ్చిందో నాకు రాయి, బాబు బరువు కంటే ముందు ఆ అంకె రాయి.